గడియారం చేసినవాడి పేరు హనుష్ కాదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో చెక్ రాజధాని ప్రాగ్ నగరం మీద వచ్చిన యాత్రా వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. అయితే పాతపట్టణం కూడలిలోని ఖగోళ గడియారాన్ని హనుష్ అనే పనివాడు చేశాడనీ, మరో ఊరికి అలాంటిది చేసిపెట్టకుండా నగర పెద్దలు అతని కళ్లు పొడిపించారనీ నిజంగా జరిగినట్టే రాశారు. ముప్పై రెండేళ్లు పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. తాజ్‌మహల్ కట్టిన కూలీల చేతులు షాజహాన్ నరికించాడన్న కథను ఏటా ఏదో ఒక తరగతిలో కొట్టిపారేస్తూ వచ్చాను. అదే కథ వేషం మార్చుకుని మీ పేజీలో కనబడితే ఊరుకోలేకపోయాను.

పోయిన ఆగస్టులో మా అమ్మాయి, అల్లుడు, పదకొండేళ్ల మనవడితో కలిసి నేనూ ప్రాగ్ వెళ్లాను. మొదటి రోజు గొడుగు ఎత్తి పట్టుకున్న ఒక కుర్రాడి వెనుక ముప్పై మందిమి నడిచాం. ముందుగా డబ్బు కట్టనక్కర్లేదు, చివర్లో ఎవరికి తోచింది వారు ఇవ్వాలి. ఆ కుర్రాడు మంచి మాటకారి. కళ్లు పొడిచిన ఘట్టం దగ్గర తన కళ్లే పోయినట్టు అభినయించాడు, జనం చప్పట్లు కొట్టారు. దీనికి ఆధారం ఏమిటని అడిగితే, ఇక్కడ అందరూ ఇదే చెబుతారని నవ్వేశాడు. మెడలో కార్డు కూడా లేదు. అక్కడి నిబంధన ప్రకారం గైడ్లు ప్రాంతీయాభివృద్ధి మంత్రిత్వ శాఖ ఇచ్చిన కార్డును కనిపించేలా ధరించాలి. ఈ సంగతి నాకు మర్నాడు తెలిసింది.

మర్నాడు మాకోసమే ఒక గైడును మాట్లాడుకున్నాం. రెండు ఉదయాలు, మూడేసి గంటలు, పూటకు నలుగురికీ కలిపి 3,600 కొరునాలు. దారి తెలియడానికి ఫోను ఉండగా ఇంత డబ్బెందుకని అల్లుడు గొణిగాడు. ఆమెకు యాభై ఏళ్లుంటాయి, చరిత్ర చదువుకున్న మనిషి. కలవగానే అడిగిన మొదటి ప్రశ్న, మీ మోకాళ్లు ఎలా ఉన్నాయి అని. నా జవాబు విని కోట మెట్ల దారి మానేసి 22వ నంబరు ట్రామ్ ఎక్కించింది. కోట స్టాపు దాటించి పొహోర్జెలెట్స్ దగ్గర దింపింది. అక్కడి నుంచి అంతా పల్లమే. ఆమెకిచ్చిన డబ్బులో సగం అక్కడే చెల్లిపోయిందని నా లెక్క.

కోటలోని పాత రాజభవనంలో ఒక కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాం. ముప్పై ఏళ్ల యుద్ధం 1618లో మొదలైందని పాఠంలో ఒక్క ముక్కలో చెప్పేసేదాన్ని. అది ఎక్కడ మొదలైందో ఆ రోజు చూశాను. ఆ ఏడాది మే 23న ప్రొటెస్టెంటు ప్రముఖులు ఇద్దరు కాథలిక్ రాజప్రతినిధులనూ, వారి కార్యదర్శినీ అక్కడి కిటికీల్లోంచి కిందికి తోసేశారు. సుమారు డెబ్బై అడుగుల ఎత్తు. ముగ్గురూ బతికారు! మేరీమాత చేతులడ్డం పెట్టి కాపాడిందని కాథలిక్కులు, పెంటకుప్ప మీద పడ్డారని ప్రొటెస్టెంట్లు చెప్పుకున్నారు. మా గైడు రెండూ చెప్పి, ఎవరు ఏది ఎందుకు చెప్పుకున్నారో మీరే ఊహించండి అంది. ఆ కార్యదర్శికి తర్వాత చక్రవర్తి ‘ఎత్తునుంచి పడినవాడు’ అనే అర్థం వచ్చే బిరుదు ఇచ్చాడట. మనవడు దారి పొడవునా ఆ బిరుదుతోనే వాళ్ల నాన్నను పిలిచాడు.

1344లో మొదలై 1929లో పూర్తయిన సెయింట్ విటస్ చర్చి గురించీ, 1357లో పునాది వేసిన చార్లెస్ వంతెన గురించీ మీ వ్యాసంలో బాగానే ఉంది. వంతెన సున్నంలో కోడిగుడ్లు కలిపారనీ, ఒక ఊరివాళ్లు దారిలో పగలకుండా వాటిని ఉడకబెట్టి పంపారనీ ఒక కథ ఉంది. దాన్ని ఆమె నవ్వుతూ కథగానే చెప్పింది.

వంతెన దిగి కూడలికి వస్తే పాత టౌన్‌హాలు పక్క రాళ్లలో పొదిగిన 27 తెల్లని శిలువలు కనిపిస్తాయి. 1621 జూన్ 21న అక్కడ, ఆ కిటికీ ఘటనతో మొదలైన తిరుగుబాటు నాయకులు 27 మందికి మరణశిక్ష అమలు చేశారు. వారిలో విశ్వవిద్యాలయ రెక్టరు, వైద్యుడు యాన్ యెసెనియుస్ ఒకడు. ముందు నాలుక కోసి ఆ తర్వాత తల నరికారు. పన్నెండు తలలు వంతెన బురుజు మీద పదేళ్లు వేలాడాయి. ఇవన్నీ నిజంగా జరిగిన క్రూరత్వాలు. వీటిని తొక్కుకుంటూ వెళ్లి, జరగని క్రూరత్వం కోసం జనం గడియారం కింద మూగుతారు.

ఆమె మమ్మల్ని అక్కడికి గంట కొట్టి పది నిమిషాలయ్యాక తీసుకెళ్లింది. అపొస్తలుల, అంటే ఏసు శిష్యుల, బొమ్మలు తిరిగే కాసేపటి కోసం వచ్చిన గుంపు అప్పటికి చెదిరిపోతుంది, గడియారాన్ని తీరిగ్గా చదవచ్చు. వెలుపలి వలయంలోని 24 అంకెలు పాత చెక్ కాలమానానివి. అక్కడ రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, మన పంచాంగంలో సూర్యోదయంతో. లోపల రాశిచక్రం. సూర్యుడు సింహరాశిలో ఉన్నాడు. మా ఇంటి పంచాంగం ప్రకారం ఇంకా కర్కాటకంలోనే ఉండాలి. వాళ్లది విషువత్తు నుంచి లెక్కించే సాయనమనీ, మనది స్థిర నక్షత్రాల నుంచి లెక్కించే నిరయనమనీ, రెంటికీ ఇప్పుడు దాదాపు 24 డిగ్రీల తేడా ఉందనీ నేను చెబితే ఆవిడ పుస్తకం తీసి రాసుకుంది. గొడుగు కుర్రాడి వెనుక నడిచేటప్పుడు ఇలాంటి సంభాషణకు చోటుండదు.

గడియారాన్ని 1410లో చేసినవాడు కడాన్‌కు చెందిన మికులాష్. లెక్క కట్టిచ్చినవాడు విశ్వవిద్యాలయ ఆచార్యుడు యాన్ షిండెల్ అని చెబుతారు. హనుష్ దాన్ని బాగుచేసినవాడు, అదీ చాలా దశాబ్దాల తర్వాత. కీర్తి మాత్రం శతాబ్దాలపాటు అతని ఖాతాలోనే ఉంది. 1410 నాటి పత్రం గత శతాబ్దంలో దొరికాకే లెక్క సరిపడింది. కళ్లు పొడిచిన కథ 19వ శతాబ్దం చివర్లో వచ్చిన ఒక కథల పుస్తకంతో అక్కడ ఇంటింటికీ చేరిందట.

కథలంటే నాకు పడదని అనుకోకండి. యూదుల పాత శ్మశానంలో 1609లో చనిపోయిన రబ్బీ (యూదుల మతగురువు) లోవ్ సమాధి దగ్గర మా గైడు, ఇప్పుడు కథ చెబుతాను అని ముందే చెప్పి, ఆయన మట్టితో చేసి ప్రాణం పోశాడంటున్న గోలెమ్ సంగతి చెప్పింది. మనవడు నోరు తెరుచుకుని విన్నాడు. నేనూ విన్నాను.

ఆ రెండో ఉదయమే పింకాస్ సినగాగ్ అనే యూదుల ప్రార్థనాలయానికి వెళ్లాం. శనివారం మూసి ఉంటుందని ఆమె ముందే రోజు మార్చింది. గోడల నిండా నాజీలు చంపిన బొహీమియా, మొరావియా అనే చెక్ ప్రాంతాల యూదుల పేర్లు, సుమారు 78 వేలు. చెప్పవలసిందంతా గుమ్మం బయటే చెప్పింది. లోపల ఒక్క మాట మాట్లాడలేదు. మనవడు ఒక గోడ దగ్గర నిలబడి పుట్టిన తేదీలు చూసి, తన వయసువాళ్లను వెతికాడు. బయటికి వచ్చాక అల్లుడు డబ్బు మాట మళ్లీ ఎత్తలేదు.

ప్రాగ్ వెళ్లే మీ పాఠకులకు ఒక్కటే చెబుతాను. పూటకైనా ఒక మంచి గైడును మాట్లాడుకోండి, కార్డు చూడండి, చెప్పిన ప్రతిదానికీ ఇది కథా చరిత్రా అని అడగండి. ఆ ప్రశ్నకు విసుక్కునేవారికి మర్నాటి పని ఇవ్వకండి. ఇక మీకు నా మనవి: పొరపాట్ల సవరణ వేసే ఆ చిన్న పెట్టెలో, వచ్చే ఆదివారం మికులాష్ పేరు అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని