రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూసిన డాక్టరు గారికి కృతజ్ఞతలు

ఎలా ఉన్నావని అడుగుతున్న వాళ్లందరికీ: ఇప్పుడు నయంగా ఉన్నాను. దానికి కారణమైన వాళ్ల గురించి చెప్పాలనే ఈ పోస్టు.

నాకు సోరియాసిస్ ఎప్పటినుంచో ఉంది, మైగ్రేన్ తర్వాత వచ్చి చేరింది. చర్మానికి ఒక డాక్టరు, తలకు ఇంకో డాక్టరు. తలనొప్పులు కాస్త తగ్గాయనుకునేసరికి మోచేతుల మీద, మాడు మీద పొలుసులు ఎన్నడూ లేనంతగా రేగాయి. అందరూ టెన్షన్ వల్లే అన్నారు. టెన్షన్ అనేస్తే ఇక ఎవరూ ఏమీ వెతకక్కర్లేదు కదా!

చర్మం డాక్టరు గారు మాత్రం పూతమందు మార్చి పంపేయలేదు. ఇంకేం మందులు వాడుతున్నానో అడిగి, తలనొప్పి చీటీ చదువుతూ ప్రొప్రనలాల్ దగ్గర ఆగారు. మైగ్రేన్ రాకుండా రోజూ వేసుకునే మందుల్లో అది బాగా తెలిసినదే. కానీ అది బీటా బ్లాకర్, అంటే గుండె వేగాన్నీ బీపీనీ తగ్గించే రకం మందు. ఆ రకం మందులు కొందరిలో సోరియాసిస్‌ను రెచ్చగొడతాయట, ఒక్కోసారి మొదలుపెట్టిన కొన్ని నెలలకు కూడా. "మీ అంతట మీరు ఆపకండి, ఉన్నట్టుండి మానేస్తే గుండెకు మంచిది కాదు" అని చెప్పి, నా ముందే న్యూరాలజిస్టు గారికి ఫోన్ చేశారు. ఆ ఫోన్‌కి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

న్యూరాలజిస్టు గారు కూడా పంతానికి పోకుండా విన్నారు. డోసు మెల్లగా తగ్గిస్తూ వేరే మందుకి మార్చారు. అసలు ఈ రెండు జబ్బులకీ సంబంధం ఉందా అంటే ఓపిగ్గా చెప్పారు. డెన్మార్క్‌లో దేశమంతటి ఆరోగ్య రికార్డులతో చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, సోరియాసిస్ ఉన్నవాళ్లకు మైగ్రేన్ రావడం మిగతావాళ్లకన్నా ఎక్కువగా కనిపించింది. జబ్బు తీవ్రంగా ఉన్నా, కీళ్లకు పాకినా ఇంకా ఎక్కువ. ఎందుకన్నది తేలలేదు. మైగ్రేన్ వచ్చినప్పుడు తల నరాల నుంచి విడుదలయ్యే సీజీఆర్‌పీ అనే పదార్థం చర్మంలోని వాపులోనూ పాలుపంచుకుంటుందన్నది ఒక అనుమానం. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది వచ్చి తీరుతుందని మాత్రం కాదు.

మా అక్కకి వేరే థాంక్స్. నొప్పి వచ్చిన రోజులూ, వేసుకున్న మాత్రలూ క్యాలెండర్‌లో రాయించింది తనే. మామూలు నొప్పి మాత్రలైనా నెలలో 15 రోజులు, ఆపైన వాడుతూ పోతే అవే తలనొప్పి తెచ్చిపెడతాయని డాక్టరు గారు ఆ క్యాలెండర్ చూస్తూనే చెప్పారు.

చర్మం ఇంకా పూర్తిగా నెమ్మదించలేదు. తలనొప్పి వస్తోంది, కానీ అరుదుగా. కొత్త మందు పేరు చెప్పమని అడుగుతున్నవాళ్లు ఏమీ అనుకోవద్దు, అది నా ఒంటికి చూసి ఇచ్చింది. మీ చీటీలన్నీ ఒకే ఫైల్లో పెట్టుకుని ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మొత్తం చూపించండి, పూతమందులతో సహా.