ఈసారి ఆ జ్యోతి విత్తనం మా దుకాణంలో ఉండదు

జహీరాబాద్ చుట్టుపక్కల మా దగ్గర ఆలుగడ్డ విత్తనం తీసుకునే అన్నలందరికీ,

అక్టోబరు దగ్గరపడింది. బుకింగ్ కోసం ఫోన్లు చేస్తున్నారు, నేను ఎత్తడం లేదు. తప్పించుకు తిరుగుతున్నానని కొందరు అన్నారట. నిజమే, ఏం చెప్పాలో తేలక తప్పించుకున్నాను.

పోయినేడు మా కుఫ్రీ జ్యోతి రకం ఆలుగడ్డ వేసిన చేలల్లో ఆకులు ముడుచుకుని, చాలా మందికి గడ్డ నిమ్మకాయంత దగ్గరే ఆగింది. 11 ఏళ్లుగా జలంధర్ నుంచి మాకు సరుకు పంపే ఆయన్ని అడిగితే, మీ ఎండల వల్ల, మీవాళ్లు నీళ్లు సరిగా పెట్టక అన్నాడు. నేనూ మీకు అదే చెప్పాను. తప్పు చెప్పాను.

ఈ ఏడు కోల్డ్ స్టోరేజీలో దించిన సరుకులోంచి 100 గడ్డలు తెచ్చి ఇంటి వెనక నాటాను. నెల తిరిగేసరికి 23 మొక్కల్లో ఆకుపచ్చ, పసుపు కలిసిన మచ్చలు, వైరస్ తెగులు గుర్తు. గడ్డ మాత్రం చేతిలో పట్టుకుంటే నిగనిగలాడుతోంది.

పంజాబులో చలి, పొగమంచు ఉన్నన్నాళ్లు పేనుబంక (ఆకు రసం పీల్చి వైరస్ అంటించే చిన్న పురుగు) తక్కువ. అక్కడ విత్తనం పండించేదే అందుకు. 100 ఆకులకు 20 పురుగులు దాటకముందే, అంటే జనవరి మొదట్లోనే, పైమొక్క కోసేయాలి. లేదంటే పురుగు ఆకులో ఎక్కించిన వైరస్ గడ్డలోకి దిగుతుంది. జలంధర్ ఆయన్ని గట్టిగా నిలదీస్తే, గడ్డ బరువు పెరుగుతుందని నెలాఖరు దాకా ఉంచానన్నాడు. పైగా "రెండుసార్లు మందు కొట్టాను కదా" అంటాడు! ఆలుగడ్డకు వచ్చే ఈ వై వైరస్ అంటించడానికి పేనుబంకకు క్షణాలు చాలు. మందుకు అది చచ్చేలోపే పని అయిపోతుంది. ఇన్నేళ్లు విత్తనం అమ్మి ఈ సంగతి ఇప్పుడు తెలుసుకున్నాను, సిగ్గుగానే ఉంది.

340 బస్తాలు. డబ్బు ముందే కట్టేశాను. అమ్మినా ఎవరికీ తెలిసేది కాదు. వారం నిద్ర లేదు. సగం అమ్మి సగం ఆపమంది మా ఆవిడ. సరే, ఆ సగం ఎవరికివ్వాలో రాద్దామని ఖాతా పుస్తకం తీశాను. మొదటి పేరు దగ్గరే పెన్ను ఆగిపోయింది. మందు పట్టించని గడ్డే కాబట్టి మొత్తం హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్‌కు, కూరకు పంపాను. (ఈ వైరస్ మనుషులకేం చేయదు, మా ఇంట్లోనూ అవే వండుతున్నాం.) చల్లటి గోదాంలో ఉన్న గడ్డ తీపెక్కుతుంది కదా, సగం ధర కూడా రాలేదు.

ఈసారి వేరే రైతు దగ్గర తీసుకున్నాను, జనవరి 5న పైమొక్క కోసిన చేను. అవీ నాటి చూశాను, నూటికి 2 మొక్కల్లోనే ఆ మచ్చలు. 180 బస్తాలే ఉన్నాయి. లారీ దిగేదాకా అడ్వాన్సు తీసుకోను. పోయినేడు నష్టపోయినవాళ్లకు ముందు ఇస్తాను, బస్తాకు 200 తగ్గిస్తాను. పంట నష్టం మొత్తం కట్టమంటే నా వల్ల కాదు. పోయినేటి గడ్డలు ఇంట్లో మిగిలి ఉంటే మాత్రం విత్తనానికి వాడకండి.

బస్టాండు హోటల్లో పదిమంది ముందు నన్ను కల్తీ సేటు అన్నాయనకూ ఇదే రేటు. కాకపోతే ఆయన దుకాణానికి వచ్చి తీసుకోవాలి. ఆటో పంపను.