ఈ వానాకాలం కలివి పొదలు నాటించండి, కమిషనర్ గారూ

గౌరవనీయులైన మహా విశాఖ నగర పాలక సంస్థ కమిషనర్ గారికి నమస్కారం.

వానలు పడగానే నగరంలో మొక్కలు నాటే పని మొదలవుతుంది కాబట్టి, ఆర్డర్లు వెళ్లకముందే ఒక మాట. ఈసారి పార్కుల ప్రహరీల వెంట, ఖాళీ స్థలాల చుట్టూ, కొండవాలు కాలనీల అంచుల్లో కలివి, దాని దగ్గరి చుట్టమైన వాక్కాయ పొదలు నాటించండి. అవి ఈ కొండల్లో ఎవరూ నీళ్లు పోయకుండా పెరిగే మన మొక్కలే, ఎండాకాలంలో గంపల్లో పెట్టుకుని రోడ్డు పక్కన అమ్మే ఆ నల్లటి పళ్లు కలివి పళ్లే.

నగరాల్లో ఇప్పుడు ఎక్కడ చూసినా కోనోకార్పస్, డ్యురాంటా అనే విదేశీ అలంకార మొక్కలే. త్వరగా పచ్చబడతాయి, అందుకే నాటుతున్నారు, అది అర్థమవుతుంది. కానీ కోనోకార్పస్‌ను గుజరాత్ ప్రభుత్వం 2023లోనే నిషేధించింది. పైగా అది పిట్టలకు పండు ఇచ్చే మొక్క కాదు.

కలివిని దగ్గరగా చూడండి సార్. ముదురాకుపచ్చ ఆకుల మధ్య ముళ్లు, కొమ్మ చివర గుత్తులుగా చిన్న చిన్న తెల్లటి పూలు, ఒక్కోదానికి ఐదు రేకులు, మొగ్గగా ఉన్నప్పుడు కాస్త గులాబీ రంగు, సాయంత్రం పక్కనుంచి నడిస్తే మల్లెల వాసనలా ఉంటుంది. పువ్వు గొట్టం సన్నగా ఉంటుంది కాబట్టి తేనె అందాలంటే పొడవు తొండం కావాలి, అందుకే పగలు సీతాకోకచిలుకలు, చీకటి పడ్డాక రాత్రి తిరిగే రెక్కల పురుగులు వస్తాయి. తర్వాత కాయ పచ్చ నుంచి ఎరుపుకి, ఎరుపు నుంచి నలుపుకి తిరిగేసరికి పిగిలిపిట్టలు, గోరింకలు, కోయిలలు దిగుతాయి. ఆ ముళ్లలో గూడు కట్టుకుంటే పిల్లీ కాకీ అంత సులువుగా రాలేవు.

నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. మన ఊరి మధ్యలోనే అడవి ఉంది, కంబాలకొండ అభయారణ్యం కాలనీల పక్కనే. పిగిలిపిట్ట ఇక్కడ తిని అక్కడ రెట్ట వేస్తుంది, ఆ రెట్టలో గింజ ఉంటుంది. అందంగా ఉందని ఊళ్లో లాంటానా అనే విదేశీ పూల పొద పెంచితే దాని పళ్లూ పిట్టలు తింటాయి, కొండ మీద లాంటానాయే మొలుస్తుంది, అది ఒకసారి కమ్ముకుంటే కింద ఇంకో మొక్కను లేవనివ్వదు. అదే కలివి పెట్టామనుకోండి, పిట్ట కొండకు కలివే మోసుకెళ్తుంది. అంటే పార్కులో మీరు ఏది నాటితే కొండ మీద అదే నాటినట్టు.

ముళ్ల గురించి అభ్యంతరం వస్తుంది, అది నిజమే. పిల్లలు ఆడుకునే చోట, ఫుట్‌పాత్ పక్కన వద్దు. కానీ ఇనుప కంచె వేసే ప్రతి చోటా ఇది దడిగా పనికొస్తుంది, పశువులు దూరవు, గేదె కూడా పక్కకి తప్పుకుంటుంది. మొదటి ఎండాకాలం నీళ్లు పోసి కాపాడితే ఆ తర్వాత ట్యాంకర్ కోసం చూడదు. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నగరంలో ఎన్ని చెట్లు కూలాయో అందరం చూశాం, నేల మీద గుబురుగా అల్లుకునే పొదకు ఆ భయం తక్కువ.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. దీన్ని నెలనెలా కత్తెరతో పెట్టెలా కత్తిరించకూడదు, పూలు కొమ్మల చివర్లలో వస్తాయి, చివర్లు పోతే పువ్వూ లేదు, పండూ లేదు. కాయలు అయిపోయాక ఏడాదికోసారి కొమ్మలు కొడితే చాలు. పూత మీద పురుగుమందు అసలు వద్దు, తేనె కోసం వచ్చే సీతాకోకచిలుకలు, రెక్కల పురుగులు చచ్చిపోతాయి.

ఇక మొక్కల సంగతి. వాక్కాయ కడియం నర్సరీల్లో దొరుకుతుంది. కొండ కలివి మాత్రం మనమే పెంచుకోవాలి, దాని గింజ నిల్వ ఉండదు, పండు నుంచి తీసి కడిగి వెంటనే కవర్లలో వేసేయాలి. కొండ కింది ఊళ్ల ఆడవాళ్లు పళ్లు అమ్ముకుంటున్న ఈ రోజుల్లోనే, వాళ్ల దగ్గరే మంచి ధర ఇచ్చి కొనండి, ఏ పొద తియ్యటి పళ్లు కాస్తుందో వాళ్లకే తెలుసు. ఆ పళ్లతో నగరపాలక నర్సరీలో ఒక మూల వరుసలు పెట్టించండి. ఈ పళ్ల కాలం దాటితే గింజ కోసం మళ్లీ వచ్చే ఎండాకాలం దాకా ఆగాలి, కాబట్టి ఈ వారంలోనే మీ ఉద్యాన విభాగానికి ఒక మాట చెప్పండి సార్.

ఇట్లు,
విశాఖ పౌరుడు