పైఅధికారుల ముందు నోరు పెగలాలంటే

ఎడిటర్ గారికి నమస్కారం.

ఇంటర్వ్యూలో ఇంగ్లీషు ఎలా మాట్లాడాలో చెప్పే వ్యాసాలు మీ చదువుల పేజీలో తరచూ చూస్తుంటాను. ఉద్యోగం వచ్చాక రోజూ పొద్దున్నే పైఅధికారులకు ఇంగ్లీషులో జవాబు చెప్పుకోవాల్సిన వాళ్ల గురించి మాత్రం ఎవరూ రాయడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో, మందులకు ముడిసరుకు తయారుచేసే ఒక బల్క్‌డ్రగ్ ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ ఇన్‌చార్జిని. మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. నా దగ్గర పనిచేసే కెమిస్టుల్లో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు. రసాయనాలు కలిపే రియాక్టర్ పక్కన నిలబడితే చప్పుడు వినే, లోపల తిప్పే ఎజిటేటర్‌లో తేడా పట్టేస్తారు. తొమ్మిది గంటల రివ్యూ మీటింగులో ప్లాంట్ హెడ్ ఎదుట కూర్చోబెడితే మాత్రం నోరు పెగలదు.

పోయిన వానాకాలంలో వాక్యూమ్ ట్రే డ్రయ్యర్‌లో ఒక బ్యాచ్ ఎంతకీ ఆరలేదు. లాస్ ఆన్ డ్రయింగ్ (ఎల్‌ఓడీ), అంటే సరుకులో మిగిలిన తడి, 0.5 శాతం లోపు రావాలి. రాత్రంతా ఆరబెట్టినా 0.8 దగ్గరే ఆగిపోయింది. కారణం మా కెమిస్టు రాత్రే కనిపెట్టాడు. డోర్ గాస్కెట్, అంటే గాలి చొరబడకుండా తలుపు చుట్టూ ఉండే పట్టీ, కింది మూల అరిగిపోయి గాలి లోపలికి పోతోంది. గేజ్ మీద 700 చూపించాల్సిన వాక్యూమ్ 620 దాటడం లేదు. టార్చ్ వేసి ఆ మూల నాకు చూపించింది కూడా అతనే. తీరా మీటింగులో బ్యాచ్ ఎందుకు లేటయిందని ఇంగ్లీషులో అడిగేసరికి "సర్, యాక్చువల్లీ సర్, సమ్ ప్రాబ్లమ్ సర్" అని ఆగిపోయాడు. రాత్రి షిఫ్టువాళ్లు నిద్రపోయి ఉంటారని ఒకరు అనేశారు. నేను లేచి గాస్కెట్ సంగతి చెప్పాను కాబట్టి సరిపోయింది. రాత్రంతా మేలుకుని తప్పు ఎక్కడుందో కనిపెట్టినవాడికి నలుగురిలో ఆ మాట పడటం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

దీనికి తెలుగు మీడియమే కారణమంటే నేను ఒప్పుకోను. ఇంగ్లీషు మీడియంలో బీఫార్మసీ చేసి వచ్చినవాళ్లకూ ఇదే టెన్షన్. బ్యాచ్ రికార్డు, పనిలో తేడా వస్తే రాసే డీవియేషన్ రిపోర్టు చక్కగా ఇంగ్లీషులోనే రాస్తారు. పెద్దవాళ్లు అడిగినప్పుడు నిలబడి సమాధానం చెప్పడం మాత్రం ఇంట్లోనూ బళ్లోనూ ఎవరూ అలవాటు చేయలేదు. ఎదురు మాట్లాడకు అనే కదా అందరం పెరిగింది! కాలేజీలో సెల్ఫ్ ఇంట్రడక్షన్ బట్టీ పట్టించి పంపుతారు. దాంతో ఉద్యోగం వస్తుంది. వాక్యూమ్ పడిపోయిందని చెప్పడానికి అది పనికిరాదు.

ఇప్పుడు మీటింగుకు ముందే, షిఫ్టు అప్పగింతలు అయ్యాక, చెప్పబోయేది నాకు తెలుగులో చెప్పమంటున్నాను. తర్వాత దాన్నే చిన్న చిన్న ఇంగ్లీషు ముక్కలు చేస్తాం. అంకె ముందు రావాలి. "ఎల్‌ఓడీ 0.8 సర్, లిమిట్ 0.5. డోర్ గాస్కెట్ లీకింగ్. మెయింటెనెన్స్ ఈజ్ చేంజింగ్ ఇట్. వుయ్ నీడ్ సిక్స్ అవర్స్." ప్లాంట్ హెడ్‌కు కావాల్సిందంతా ఇందులో ఉంది. నోట్లోంచి అంకె బయటపడగానే గొంతులో వణుకు తగ్గడం నేను కళ్లారా చూస్తున్నాను.

అర్థం కాని మాటకు "ఎస్ సర్" అనేయడం అన్నిటికంటే ప్రమాదం. టెంపరేచర్ ఎంత వరకు పెంచమన్నారో సరిగ్గా వినకుండా తలూపి వచ్చేస్తే రియాక్షన్ అదుపు తప్పొచ్చు. అలాంటప్పుడు ఏం జరుగుతుందో పరవాడ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. "సర్, ప్లీజ్ రిపీట్" అని అడగడంలో నామోషీ ఏమీ లేదు. జవాబు తెలియకపోతే పదకొండింటికల్లా కనుక్కుని చెబుతానని అనాలి, ఆ వేళకు చెప్పాలి.

పైనున్న పెద్దలకూ ఒక విన్నపం. మీలో చాలామందిది గుజరాతో మహారాష్ట్రో హైదరాబాదో. ఇంగ్లీషు మీకూ నేర్చుకున్న భాషే. కుర్రాడు మాటకోసం తడుముకుంటుంటే కాస్త ఆగండి, మధ్యలో అందుకోకండి, నలుగురిలో గ్రామరు దిద్దకండి. తెలుగు తెలిసినవాళ్లయితే "తెలుగులోనే చెప్పు బాబూ" అనండి. మినిట్స్ ఇంగ్లీషులో రాసుకోవచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్లు వచ్చినప్పుడు మా ఆపరేటర్లు తెలుగులో చెబితే పక్కనున్న క్యూఏ (నాణ్యత విభాగం) వాళ్లు ఇంగ్లీషులోకి మార్చి చెబుతారు, ఇన్‌స్పెక్టర్లు ఓపిగ్గా వింటారు. ఫ్యాక్టరీలో పెట్టే నోటీసులు ఇంగ్లీషుతో పాటు కార్మికుల్లో ఎక్కువమందికి తెలిసిన భాషలోనూ ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. గోడ మీద నోటీసుకు ఇచ్చిన ఆ వెసులుబాటు మీటింగులో మనిషికీ ఇవ్వండి.

ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ, తెలంగాణలో అలాంటిదే అయిన టాస్క్ సంస్థ పిల్లలకు శిక్షణ ఇస్తున్నాయి. ఆ పాఠాల్లో షిఫ్టు రిపోర్టు చెప్పడం, ఆలస్యానికి కారణం వివరించడం, అర్థం కానిది తిరిగి అడగడం కూడా చేర్చాలి. ప్లాంటులో పనిచేసినవాళ్లను పిలిపించి, వాళ్లే మేనేజర్లుగా కూర్చుని ప్రశ్నలు వేస్తే ఇంకా మంచిది. మీ చదువుల పేజీలో వారానికొక చిన్న శీర్షికకు చోటిస్తే, మీటింగుల్లో మాకు నిజంగా ఎదురయ్యే ప్రశ్నలు, వాటికి చెప్పదగ్గ జవాబులు రాసి పంపడానికి మా షిఫ్టు వాళ్లం సిద్ధంగా ఉన్నాం.

– ఒక ప్రొడక్షన్ ఇన్‌చార్జి, పరవాడ