ఘాజీ కథ అందరికీ తెలుసు, మరి రాజ్‌పుత్ కథ?

ఎడిటర్ గారికి నమస్కారం.

డిసెంబర్ 4 నేవీ డే దగ్గరపడితే చాలు వాట్సాప్ గ్రూపుల్లో ఘాజీ పోస్టులు మొదలవుతాయి, మంచిదే, 1971లో మన విశాఖ హార్బర్ బయట ఆ పాకిస్తాన్ సబ్‌మెరైన్ మునిగిన సంగతి ఈ ఊరి పిల్లలందరికీ తెలియాల్సిందే. కానీ ఘాజీ మీద డెప్త్ చార్జ్‌లు, అంటే నీళ్ళ లోపల పేలే బాంబులు, వేసిన ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అని చెప్పి ఆ పోస్టుల్లో పెట్టే ఫోటోలు చాలావరకు ఆ షిప్పువి కావండి. అది తర్వాత వచ్చిన రాజ్‌పుత్, సోవియట్ యూనియన్‌లో కట్టింది, 1980లో నేవీలో చేరి 2021 మే 21న ఇక్కడ వైజాగ్‌లోనే డీకమిషన్ అయింది, అంటే సర్వీసు నుంచి తప్పుకుంది. అది కూడా గొప్ప షిప్పే, కాదనను, కాకపోతే 1971లో అది ఇంకా పుట్టనే లేదు.

అసలు రాజ్‌పుత్ బ్రిటిష్ నేవీ డిస్ట్రాయర్, అంటే వేగంగా వెళ్ళే యుద్ధనౌక. దాని మొదటి పేరు హెచ్ఎంఎస్ రోథర్‌హామ్. స్కాట్లాండ్‌లో క్లైడ్‌బ్యాంక్ అనే చోట జాన్ బ్రౌన్ కంపెనీ షిప్‌యార్డులో కట్టారు, 1942లో నీళ్ళలోకి దింపారు. రెండో ప్రపంచ యుద్ధంలో అది మన వైపు సముద్రాల్లోనే ఎక్కువ తిరిగింది, 1944 ఏప్రిల్‌లో సుమత్రా దగ్గర సబాంగ్‌లో జపాన్ స్థావరం మీద దాడికి వెళ్ళిన బ్రిటిష్ ఈస్టర్న్ ఫ్లీట్‌లో ఉంది, 1945 సెప్టెంబర్‌లో జపాన్ లొంగిపోయాక సింగపూర్ నేవల్ బేస్‌కి చేరిన మొదటి షిప్పుల్లో ఇదొకటి. దాని పేరు మీద అక్కడ ఒక గేటుకి రోథర్‌హామ్ గేట్ అని పేరు పెట్టారు. 1949లో ఆ షిప్పు మన దేశానికి వచ్చి రాజ్‌పుత్ అయింది.

1971 నాటికి అది బాగా పాతబడిపోయి ఇక డీకమిషన్ చేసేద్దాం అన్న స్థితిలో వైజాగ్‌లో ఉంది. అప్పుడు ఈస్టర్న్ నేవల్ కమాండ్ చీఫ్ వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ గారు, ఘాజీ వెతుకుతున్న మన విమాన వాహక నౌక విక్రాంత్‌ని అండమాన్ వైపు దాచి, ఈ ముసలి షిప్పుని సముద్రంలోకి పంపించి విక్రాంత్ ఇక్కడే ఉందని నమ్మించేలా వైర్‌లెస్ మెసేజ్‌లు ఇప్పించారు, ఇక్కడ పెద్ద ఎత్తున రేషన్‌కి ఆర్డర్లు కూడా ఇప్పించారు, ఆ వార్త ఎలాగూ గూఢచారుల చెవిన పడుతుందని. డిసెంబర్ 3 అర్ధరాత్రి వేళ లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నాయకత్వంలో రాజ్‌పుత్ హార్బర్ దాటి బయటికొచ్చి, నీళ్ళలో అనుమానంగా కదలిక కనిపిస్తే రెండు డెప్త్ చార్జ్‌లు వేసింది. కాసేపటికి పెద్ద పేలుడు, ఊళ్ళో కిటికీ అద్దాలు అదిరాయి. లోపలే ఏదో పేలి మునిగిందని పాకిస్తాన్ వాళ్ళ వాదన, రాజ్‌పుతే ముంచిందని మన నేవీ మాట. ఏదైనా ఆ రాత్రి అక్కడున్నది ఆ షిప్పే. ఇంకో విషయం, ఘాజీ కూడా 1944లో అమెరికాలో యూఎస్ఎస్ డయాబ్లోగా నీళ్ళలోకి దిగిన సబ్‌మెరైన్. పాత ప్రపంచ యుద్ధం కాలంలో ఒకే పక్షం కోసం కట్టిన రెండు ఓడలు పాతికేళ్ళు దాటాక మన తీరంలో శత్రువులుగా ఎదురుపడ్డాయి, ఇలాంటి చరిత్ర మన ఊరికి తప్ప ఇంకెన్ని ఊళ్ళకి ఉంటుంది చెప్పండి?

అలాంటి షిప్పుని 1976లో తుక్కు చేసేశారు. ఆ కాలం పరిస్థితులు వేరు, డబ్బుల్లేవు, ఎవరినీ తప్పు పట్టను. కానీ దాని సర్వీస్ హిస్టరీ, అంటే ఎక్కడ పుట్టింది, ఏ యుద్ధాల్లో తిరిగింది, ఎవరి చేతుల్లో నుంచి ఎవరి చేతుల్లోకి వెళ్ళింది, చివరికి ఏమైంది, ఇదంతా తెలుగులో మన బీచ్ రోడ్డు మీద చదువుకునేలా ఎందుకు పెట్టకూడదు?

విమాన వాహక నౌక విరాట్ విషయంలోనూ ఇదే బాధ. 1959లో హెచ్ఎంఎస్ హెర్మిస్‌గా బ్రిటిష్ నేవీలో చేరి, 1982లో అర్జెంటీనాతో జరిగిన ఫాక్‌లాండ్స్ యుద్ధంలో వాళ్ళ ఫ్లాగ్‌షిప్‌గా, అంటే దళాన్ని నడిపించే ఓడగా పనిచేసి, 1987 మే 12న మన విరాట్ అయి, 2017 మార్చి 6 దాకా సేవ చేసిన షిప్పు అది. దాన్ని వైజాగ్ తెచ్చి మ్యూజియం, హోటల్ చేస్తామని అప్పట్లో మన రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది, మేమంతా ఎంత సంబరపడ్డామో. ఆ ప్లాన్ ముందుకు సాగలేదు, మహారాష్ట్ర ప్లాన్ కూడా సాగలేదు, 2020లో గుజరాత్‌లో ఓడలు విడగొట్టే అలంగ్‌కి లాక్కెళ్ళి ముక్కలు చేశారు. అంతకు ముందు పాత విక్రాంత్ గతీ అంతే, దాని ఇనుముతో బైకులు తయారైతే కొనుక్కుని మురిసిపోయాం.

బ్రిటన్ వాళ్ళు మాత్రం అన్నీ దాచుకున్నారా అంటే లేదు. హెర్మిస్‌ని వెనక్కి తెచ్చుకోవాలని అక్కడ కొందరు చందాలు పోగుచేయాలని చూసి కూడా తెచ్చుకోలేకపోయారు, ఫాక్‌లాండ్స్‌కి వెళ్ళొచ్చిన ప్లిమత్ అనే ఫ్రిగేట్ రకం యుద్ధనౌకని 2014లో టర్కీకి తుక్కుకి పంపేశారు. కానీ లండన్‌లో థేమ్స్ నది మీద బెల్‌ఫాస్ట్ అనే యుద్ధనౌకని, చాథమ్‌లో కవలియర్ అనే డిస్ట్రాయర్‌ని నిలబెట్టుకున్నారు, నేవీ పాత కాగితాలు లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎవరైనా వెళ్ళి చూసుకునేలా ఉంచారు. న్యూజీలాండ్ వాళ్ళని చూడండి, వాళ్ళు నడిపిన అకిలీస్ షిప్పు 1948లో మన నేవీకి వచ్చి ఢిల్లీ అయింది, 1978లో బాంబేలో విడగొడితే ఒక గన్ టరెట్, అంటే ఫిరంగులు బిగించి ఉండే గూడు, తీసుకెళ్ళి ఆక్లాండ్‌లో తమ నేవీ బేస్ దగ్గర పెట్టుకున్నారు. మొత్తం షిప్పు దక్కకపోతే ఒక ముక్కయినా దక్కించుకోవాలన్న పట్టుదల అది.

మనకి ఆర్కే బీచ్‌లో కుర్సుర సబ్‌మెరైన్ మ్యూజియం ఉంది, ఎదురుగా టీయూ-142 విమానం ఉంది, టూరిస్టులు రోజూ వస్తూనే ఉంటారు. కొత్త బిల్డింగు కూడా అక్కర్లేదు. అక్కడే ఒక గోడ మీద రాజ్‌పుత్, విక్రాంత్, విరాట్, ఢిల్లీ షిప్పుల పూర్తి చరిత్ర, సరైన ఫోటోలతో, తెలుగులో పెడితే చాలు. బ్రిటిష్ నేవీలో ఉన్నప్పటి రికార్డుల కాపీలు లండన్ నుంచి తెప్పించుకోవచ్చు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల్లో ఈ షిప్పుల మీద పనిచేసి రిటైరైన వాళ్ళు ఉన్నారు, 1971లో డ్యూటీలో ఉన్నవాళ్ళకి ఇప్పుడు డెబ్భై దాటి ఉంటాయి, వాళ్ళ మాటలు వీడియో తీయడం ఇంకా ఆలస్యం చేయకూడదు. నేవీ వాళ్ళూ, విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్డీఏ వాళ్ళూ కూర్చుని మాట్లాడుకుంటే వచ్చే నేవీ డే లోపు కనీసం రాజ్‌పుత్ బోర్డు అయినా పెట్టగలరని నా నమ్మకం. మీ పేపర్ కూడా ఆ రిటైర్డ్ సెయిలర్ల అనుభవాలు ఆదివారం పేజీలో వేయడం మొదలుపెట్టాలని కోరుకుంటున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశాఖపట్నం