చలికాలం మీటింగులో ఎండాకాలం మాట

ఎడిటర్ గారికి నమస్కారం.

చలి కాస్త మొదలైందంటే చాలు, మేడ మీద కాలీఫ్లవర్లు పండించినవాళ్ల ఫోటోలు మీ పేపర్లో వస్తాయి, మా మొక్కల క్లబ్బు వాట్సాప్ గ్రూపులోనూ అవే తిరుగుతాయి. చూడ్డానికి బాగుంటాయి, కాదనను. కానీ అవి చూసి అప్పటికప్పుడు విత్తనాల కొట్టుకి పరిగెత్తేవాళ్లు ప్రతి ఏడాదీ కొందరుంటారు, ఈ ఉత్తరం వాళ్ల కోసమే. డిసెంబర్‌లో కాలీఫ్లవర్ విత్తనం వేస్తే నారు అందిరావడానికే నెల పడుతుంది, నాటాక పువ్వు కట్టడానికి ఇంకో రెండు నెలల పైమాటే, అంటే మార్చి వచ్చేస్తుంది. విశాఖలో మార్చి ఎండ సంగతి చెప్పాలా? ఆ వేడికి పువ్వు గట్టిగా కట్టదు, అన్నం మెతుకుల్లా విడిపోతుంది. మనకి నారు పోసే సమయం ఆగస్టు, సెప్టెంబర్ నెలలు, అది కూడా తొందరగా పువ్వు కట్టే రకాలైతేనే. అరకులో బాగా వచ్చిందని అదే రకం తెచ్చి సీతమ్మధారలో పెడితే కుదరదు, అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, మనం సముద్రం ఒడ్డున ఉన్నాం. ఇవేవీ చెప్పకుండా జనవరిలో కూడా కాలీఫ్లవర్ నారు అమ్మేసే నర్సరీలున్నాయి, మా వీధిలో ఇద్దరు ముగ్గురు కొని నష్టపోయారు కూడా.

నేను చెప్పేదేమిటంటే, క్లబ్బు చలికాలం మీటింగులో చలికాలం పంటల గురించి మాట్లాడుకుని లాభం లేదు, వాటికి వేళ ఎప్పుడో అయిపోయింది. మాట్లాడుకోవాల్సింది వచ్చే ఎండాకాలం గురించి, వచ్చే ఆగస్టు గురించి.

మల్లెనే తీసుకోండి. మార్చి వచ్చేసరికి గ్రూపులో ప్రతి రెండో మెసేజ్ "మా మల్లె మొగ్గ వెయ్యలేదండీ, ఏం మందు కొట్టాలి" అనే. మందుతో పని లేదు. చలికాలంలో దానికి కొన్నాళ్లు నీళ్లు తగ్గించి ఆకు వడలనివ్వాలి, తర్వాత ఎండుకొమ్మలూ సన్నపుల్లలూ తీసేసి మొక్కని మోకాలెత్తుకి కత్తిరించాలి, మిగిలిన ఆకు దూసెయ్యాలి, అప్పుడు మొదట్లో మట్టి గుల్ల చేసి బాగా చివికిన గత్తం (పశువుల ఎరువు) వేసి నీళ్లు మొదలుపెట్టాలి. కొత్త చిగురుకే మొగ్గ వస్తుంది కాబట్టి పాత కొమ్మని ముద్దుగా చూసుకుంటూ కూర్చుంటే ఆకులే మిగులుతాయి. పచ్చగా ఉన్న మొక్కని కొయ్యడానికి చాలామందికి చెయ్యి రాదు, అందుకే ఇది నలుగురూ కలిసి ఒకరి మేడ మీద చేసి చూపించాల్సిన పని. ఒక్క మాట, ఆ రోజు మార్గశిర గురువారం కాకుండా చూసుకోండి, సగం మంది బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి దగ్గర క్యూలో ఉంటారు.

ఇంకో చిక్కు తుపాన్లు. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబర్ 12న, సరిగ్గా మనం నాట్లు వేసుకునే రోజుల్లో. 2023లో మిచాంగ్ డిసెంబర్ మొదటి వారంలో వచ్చింది, బాపట్ల దగ్గర తీరం దాటినా మనకీ వానలు తప్పలేదు. అందుకని నారంతా ఒకేసారి పోయకుండా మూడు వారాల తేడాతో రెండో విడత కూడా పోసుకోమని క్లబ్బు గట్టిగా చెప్పాలి. ఒకరిది పోతే ఇంకొకరి దగ్గర ఉంటుంది, క్లబ్బు అన్నాక ఆ మాత్రం లేకపోతే ఎలా. చిక్కుడు పందిరి కూడా గాలికి ఎగిరిపోని విధంగా ముందే బిగించుకోవాలి.

రోజువారీ పనుల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. నీళ్లు పొద్దున్నే పొయ్యాలి, సాయంత్రం పోస్తే ఆకు రాత్రంతా తడిగా ఉండి తెగుళ్లు వస్తాయి. చిక్కుడుకి పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) పడితే లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి కొట్టాలి. పాత విత్తనాలుంటే ఓ పది తీసి తడిగుడ్డలో మూటకట్టి చూడాలి, సగం కూడా మొలకెత్తకపోతే ఆ ప్యాకెట్ పారెయ్యడమే.

సంక్రాంతి దగ్గరకొచ్చేసరికి పాలకూర, ముల్లంగి అయిపోయి కుండీలు ఖాళీ అవుతాయి. అప్పుడే బీర, సొర, దోస, బెండ గింజలు పడాలి, ఫిబ్రవరి దాటితే లేతమొక్క ఎండకి తట్టుకోదు. ఎండ తగ్గించే షేడ్ నెట్ అప్పుడే కొనుక్కోండి, ఏప్రిల్లో అందరూ ఒకేసారి కొట్టు మీద పడతారు. క్లబ్బు తరఫున ఒకే ఆర్డర్ పెడితే ధర కూడా తగ్గిస్తారు.

అసలు నేను పెన్ను పట్టింది మాత్రం ఆకుల గురించి. ఈ ఊళ్లో బాదం చెట్లకి లోటు లేదు, చలికాలంలో ఆకులు ఎర్రబడి రోడ్డు నిండా రాలతాయి. తుడిచినవాళ్లు మూలకి పోగేస్తారు, ఆ పోగు అక్కడే తగలబడుతుంది లేదా భోగి మంటలోకి పోతుంది. పిడకలూ పాత కర్రలూ వేసుకోండి, పండగ పండగే, నేను వద్దనడం లేదు. ఆకులు మాత్రం గోనెసంచుల్లో మా క్లబ్బుకిచ్చేయండి. చిల్లులు పెట్టిన డ్రమ్ములో ఒక వరస ఆకు, కాస్త గత్తం, కాసిని పుల్లమజ్జిగ, మళ్లీ ఆకు, ఇలా నింపి తడి ఆరకుండా చూస్తూ అప్పుడప్పుడు తిరగేస్తే సరి. బాదం ఆకు మందం కాబట్టి నలిపి వేస్తే తొందరగా చివుకుతుంది. జనవరిలో నింపింది ఆగస్టులో కాలీఫ్లవర్ నారు పోసే వేళకి చేతికొస్తుంది, బయట గత్తం బస్తాలు కొని మూడు అంతస్తులు మోయించే ఖర్చూ తగ్గుతుంది. కాలనీ సంఘాలు భోగికి వారం ముందే తుడిచేవాళ్లతో మాట్లాడి పెడితే మేమే వచ్చి పట్టుకెళ్తాం.

మీకో విన్నపం. ఏ విత్తనం ఏ నెలలో వెయ్యాలో కోస్తా వాతావరణానికి సరిపడే పట్టిక ఒకటి అనకాపల్లి వ్యవసాయ పరిశోధనా స్థానం వారినో, వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం వారినో అడిగి ఆదివారం పేజీలో వెయ్యండి. జులై ఆఖరులో వెయ్యండి, దయచేసి డిసెంబర్‌లో కాదు.

ఇట్లు,
ఒక మేడ తోట సభ్యురాలు,
సీతమ్మధార, విశాఖపట్నం