కొండమల్లేపల్లి దగ్గర మా చెల్లెను బతికించిన అక్కకు, ఆ బస్సులోని అందరికీ

అందరికీ నమస్కారం. మా చెల్లె మొన్న ఆదివారం ఇంటికి వచ్చింది. నిన్న పొద్దున తనే లేచి చాయ్ పెట్టి ఇచ్చింది. ఈ మాట ముందుగా ఎవరికి చెప్పాలో వాళ్ల పేర్లు కూడా నాకు తెలియవు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

పోయిన నెల దేవరకొండ నుంచి నల్లగొండ వచ్చే బస్సులో, కొండమల్లేపల్లి దాటినంక, అమ్మ పక్కన కూర్చున్న చెల్లె మాట్లాడుతూ మాట్లాడుతూనే ఒరిగిపోయింది. వయసు 26. చేతులు కొట్టుకుంటుంటే ఫిట్స్ అనుకుని ఎవరో తాళాల గుత్తి చేతిలో పెట్టారట. ఇంకొకరు నోట్లో నీళ్లు పోయబోయారట. అప్పుడే వెనుక సీటు నుంచి ఒక నర్సమ్మ వచ్చి, మెడ మీద వేళ్లు పెట్టి చూసి, "ఇది ఫిట్స్ కాదు, గుండె ఆగింది, కిందికి దించండి" అన్నారట. ఊపిరి తీస్తోంది కదా అని అమ్మ అంటే, "ఆ గురక ఊపిరి కాదమ్మా" అన్నారట.

రోడ్డు పక్కన నేల మీద పండబెట్టి, ఛాతీ మధ్యలో రెండు చేతులు వేసి, నిమిషానికి వందకు తగ్గకుండా పైకి లెక్కపెడుతూ నొక్కారు. గాజులు పగిలి మణికట్టు కోసుకుపోయినా ఆపలేదు. చెల్లె చున్నీ మీద రక్తం చూసి దవాఖానలో నేను హడలిపోయా. అది చెల్లెది కాదు, ఆ అక్కది. అక్క అలసిపోతే కండక్టర్ అన్న అందుకున్నారు. 108 వచ్చేదాకా ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు నొక్కుతూనే ఉన్నారు. అప్పటికి గుండె కొట్టుకోవట్లేదు, ఊరికే వణుకుతోంది. 108 తమ్ముళ్లు ఇచ్చిన రెండో కరెంట్ షాక్‌కు గుండె మళ్లీ లయలో పడింది.

చెల్లెకున్నది మైట్రల్ వాల్వ్ ప్రొలాప్స్. గుండె ఎడమవైపు పై గదికి, కింది గదికి మధ్య ఉండే వాల్వ్ రెక్కలు మూసుకునేటప్పుడు వెనక్కి ఉబ్బుతాయి. నూటికి ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటుందట, చాలామందికి జీవితాంతం ఏమీ కాదు. చెల్లెకు మాత్రం రెండు రెక్కలూ ఉబ్బుతున్నాయి, వాల్వ్ అంచు కండరం నుంచి కొంచెం విడిపోయి ఉంది, ఎంఆర్ఐలో కండరం మీద మచ్చ కనిపించింది. గుండె లయ తప్పడం ఆ మచ్చ దగ్గరే మొదలైంది అన్నారు.

రెండేళ్ల కింద ఒకచోట ఎకో (గుండె స్కానింగ్) తీసి "టెన్షన్ వల్ల దడ, ఏం కాదు" అని పంపేశారు. ఆ తర్వాత తను పాఠం చెబుతూ ఒకసారి కళ్లు తిరిగి పడిపోయింది. ఆ సంగతి మేం ఏ డాక్టర్‌కూ చెప్పలేదు. పొద్దున తినకుండా పోతావని తననే కోప్పడ్డాం. తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. మీ ఇంట్లో ఎవరికైనా వాల్వ్ తేడా ఉండి, దడతో కళ్లు తిరిగి పడిపోతే దయచేసి వెంటనే గుండె డాక్టర్‌కు చూపించండి.

ఇప్పుడు ఎడమ కాలర్ బోన్ కింద ఐసీడీ అనే చిన్న మిషన్ పెట్టారు. మళ్లీ లయ తప్పితే అదే లోపలి నుంచి షాక్ ఇస్తుంది. ఖర్చు లక్షల్లో అయింది. మా పదో తరగతి బ్యాచ్ వాళ్లు ఒక్క రాత్రిలో ఫోన్‌పేలు చేశారు, ఊళ్లో వాళ్లు చేతిలో పెట్టిపోయారు. మీ బాకీ డబ్బుతో తీరేది కాదు. డాక్టర్ చెప్తే అమ్మా నేనూ కూడా ఎకో తీయించుకున్నాం. అమ్మకు కొద్దిగా ఉంది, భయం లేదన్నారు.

అక్కా, ఇది మీ దాకా చేరితే ఒక్క మెసేజ్ పెట్టండి. చెల్లె మిమ్మల్ని చూడాలంటోంది. అమ్మ మీకోసం గాజులు కొని పెట్టింది. మీ చేతి సైజు తెలియక రెండు సైజులూ తెచ్చింది.